ఒక్క పొడుగు విజిల్

నలభై మూడేళ్ళ మనిషి కుక్కపిల్లని చూసి గంతులేస్తే చూసేవాళ్ళు ఏమనుకుంటారు? ఏమనుకుంటే మనకేం, ఆవిడ గంతులేసింది. అదీ ఎక్కడ? బస్సు డిపోలో! ఒంటిమీద యూనిఫాం, భుజాన టికెట్ల సంచి, చుట్టూ నూనె చేతులతో నిలబడ్డ మెకానిక్కులు. వాళ్ళు స్పానర్లు కిందపెట్టి మరీ చూశారు. ఆవిడ పట్టించుకుంటే కదా.

ఆవిడని అందరూ కండక్టరమ్మ అంటారు. పద్దెనిమిదేళ్ళుగా అదే ఉద్యోగం. తెల్లవారుజామున ఐదున్నరకి మొదటి ట్రిప్పు, మధ్యాహ్నం ఒకటిన్నరకి డ్యూటీ దిగడం, మంగళవారం సెలవు. బస్సులో యాభైమంది ఉన్నా, నూటయాభైమంది ఉన్నా ఆవిడ మాటకి తిరుగులేదు. "లోపలికి జరగండి, లోపల బోలెడు చోటుంది" అని ఆవిడ అంటే, లేని చోటు కూడా ఎక్కడినుంచో పుట్టుకొచ్చేది. ఇంటికొచ్చాక మాత్రం ఆవిడది ఏమీ నడిచేది కాదు. ఇంట్లో అత్తగారుంది.

కుక్కపిల్ల కావాలని కండక్టరమ్మకి చిన్నప్పటినుంచీ కోరిక. పుట్టింట్లో ఒకే గది, ఆరుగురు మనుషులు. "నువ్వే గుమ్మంలో పడుకుంటున్నావు, దాన్నెక్కడ పడుకోబెడతావే?" అనేవాడు తండ్రి. పెళ్ళయి వచ్చిన ఇంట్లో చోటుంది కానీ అత్తగారికి కుక్కంటే గిట్టదు. వీధిలో కుక్క అరిస్తే కిటికీ మూసే రకం. ఇలా ఏళ్ళు గడిచాయి, కూతురు పుట్టి పెరిగి చదువుకని హాస్టల్లో కూడా చేరిపోయింది. కోరిక మాత్రం ఎక్కడికీ పోలేదు, పాతుకుపోయి కూర్చుంది.

ఆ బుధవారం డ్యూటీ దిగగానే ఆవిడ బస్సు నడిపే డ్రైవరన్న చెయ్యి పట్టి లాగినంత పనిచేసి షెడ్డు వెనక్కి తీసుకెళ్ళాడు. పాత టైర్ల గుట్ట సందులో ఒక ఊరకుక్క నాలుగు పిల్లల్ని పెట్టి రెండు నెలలైంది. మూడింటిని ఎవరెవరో పట్టుకుపోయారు. మిగిలింది ఒకటే. గోధుమరంగు, ఒక చెవి నిలబడి, ఒక చెవి వేలాడుతూ, మూతిమీద తెల్లమచ్చ. కండక్టరమ్మ వంగగానే అది వచ్చి ఆవిడ చెప్పు పట్టీ కొరకడం మొదలుపెట్టింది. గంతులు అప్పుడే.

"తీసుకెళ్ళు చెల్లెమ్మా. లేకపోతే ఏ బస్సు కిందో పడి చస్తుంది" అన్నాడు డ్రైవరన్న.

"మా అత్తయ్య నన్నూ దాన్నీ కలిపి బయట నిలబెడుతుందన్నా."

"నిలబెడితే నిలబడు. పద్దెనిమిదేళ్ళుగా నిలబడే కదా బతుకుతున్నావు."

ఇంకేం కావాలి? టికెట్ల సంచిలో వేసుకుని ఇంటికి తెచ్చేసింది. దారిలోనే పేరు కూడా పెట్టేసింది. చిల్లర! రోజంతా జనాన్ని చిల్లర అడిగి అడిగి గొంతు పోగొట్టుకునే మనిషికి సంచి నిండా చిల్లర దొరికిందని ఆవిడ సంబరం.

వాళ్ళది కింది వాటా. ముందు గది, పడక గది, చివర వంటిల్లు. వంటింటికి తలుపు లేదు, కమాను మాత్రమే ఉంది. వంటింట్లోంచి వెనక గుమ్మం, గుమ్మం దాటితే గోడకీ గోడకీ మధ్య పది అడుగుల పెరడు, మూల కాస్త గడ్డి. అత్తగారు ఆ వంటింటి మహారాణి. నలభై ఏళ్ళుగా ఆ పొయ్యిని ఏలుతోంది. గచ్చు అద్దంలా తుడుస్తుంది. తడికాలితో అందులో అడుగుపెడితే సొంత కొడుకైనా సరే, నాలుగు తిట్లు తినే వెళ్ళాలి.

చిల్లర ఇంట్లో అడుగుపెట్టిన మొదటి నిమిషంలోనే ముందుగదిలో సరిగ్గా నట్టనడుమ కూర్చుని, అత్తగారి కళ్ళలోకి చూస్తూ, పని కానిచ్చేసింది.

"ఇదేంటే ఇది!" అంది అత్తగారు ముక్కుమీద వేలేసుకుని.

"చిన్నపిల్ల అత్తయ్యా, నేర్పిస్తే నేర్చుకుంటుంది."

"ఎవరు నేర్పిస్తారు?"

"నేనే."

"నువ్వా? తెల్లారకుండా పోతావు, మధ్యాహ్నం వస్తావు. నువ్వు లేనప్పుడు దీని సేవ ఎవరిది? నాదేగా!"

పుస్తకాలు కుట్టే దుకాణంలో పనిచేసే భర్త అప్పుడే వచ్చి, తల్లినీ భార్యనీ గచ్చునీ ఒకసారి చూసి, "నన్ను మధ్యలోకి లాగకండి, నేను స్నానానికి పోతున్నా" అని తప్పుకున్నాడు. ఆయన తెలివి ఆయనది.

గంటసేపు వాదించుకున్నాక ఒక ఒప్పందం కుదిరింది. పదిహేను రోజులు గడువు. ఆలోపు ఇల్లు పాడుచెయ్యడం మానిందా, ఉంటుంది. మానలేదా, పోతుంది. ఎక్కడికి పోతుందో కూడా అప్పుడే తేలిపోయింది. డ్రైవరన్న బావమరిదికి ఊరి బయట కోళ్ళఫారం ఉంది, కాపలాకి కుక్క కావాలని తిరుగుతున్నాడట. పదిహేనో రోజు బుధవారం సాయంత్రం అతను వచ్చి తీసుకెళ్ళేలా అత్తగారే ఫోను చేయించి ఖాయం చేసేసింది. ఆవిడ మాట ఇచ్చిందంటే ఇచ్చినట్టే. కండక్టరమ్మకి ఆ రాత్రి అన్నం సయించలేదు. ఇన్నేళ్ళకి చేతికొచ్చింది, పదిహేను రోజుల్లో పోగొట్టుకోవడమా? చచ్చినా పోనివ్వను అనుకుంది.

మర్నాడు బస్సులో మలుపు మలుపుకీ డ్రైవరన్న పాఠం చెప్పాడు. ఆయన ఇంట్లో మూడు కుక్కలు పెరిగాయి. "తిన్నాక బయటికి తీసుకెళ్ళు. నిద్రలేచాక తీసుకెళ్ళు. ఆడుకున్నాక తీసుకెళ్ళు. లోపల చేసేస్తే కొట్టొద్దు, తిట్టొద్దు, తుడిచెయ్యి అంతే. బయట చేస్తే మాత్రం పండగ చేసినంత హడావిడి చెయ్యాలి. తినడానికేదైనా ముక్క పెట్టు. ఇంకోటి చెల్లెమ్మా, అది కూర్చున్నప్పుడల్లా ఒకటే మాట అను. రోజూ అదే మాట. నాలుగు రోజులు పోయాక ఆ మాట వింటే చాలు, అదే కూర్చుంటుంది."

"ఏం మాట?"

"నీ ఇష్టం. 'కానీ' అను. 'త్వరగా' అను."

కండక్టరమ్మ ఆలోచించింది. మాటలు ఆవిడకి మధ్యాహ్నానికే అయిపోతాయి. డ్యూటీ దిగేసరికి గొంతు బొంగురుపోయి, ఇంట్లో మంచినీళ్ళు కూడా సైగ చేసి అడుగుతుంది. కానీ మెడలో విజిల్ ఉంది కదా! బస్సులో ఒక పొట్టి విజిల్ వేస్తే ఆగు, రెండు పొట్టివి వేస్తే పద. ఆ రెండూ డ్యూటీవి. డ్యూటీ విజిల్ ఇంట్లో వాడటానికి ఆవిడకి మనసొప్పలేదు. పైగా రేపు ఈ కుక్కపిల్ల రోడ్డుమీద బస్సు విజిల్ వినేసి ఎక్కడపడితే అక్కడ కూర్చుంటే? అంత ముందుచూపు! అందుకని దీనికోసం కొత్తది కనిపెట్టింది. ఒక్కటే విజిల్, పొడుగ్గా, సన్నగా, ఊపిరి ఉన్నంతసేపూ. పక్కవాటా వాళ్ళకి నిద్రాభంగం కాకుండా గట్టిగా ఊదకుండా, 'స్‌స్‌స్వీ' మని గాలి ఎక్కువ, చప్పుడు తక్కువ.

ఇక చూడండి ఆవిడ పట్టుదల. ఉదయం నాలుగున్నరకి పెరట్లో, చేతిలో ఉడికించిన గుడ్డు ముక్కల డబ్బా, నోట్లో విజిల్. మధ్యాహ్నం రెండుకి, మూడున్నరకి, ఐదుకి. చిల్లర గడ్డి వాసన చూసి, గుండ్రంగా రెండు చుట్లు తిరిగి, నడుం వంచగానే ఒక్క పొడుగు విజిల్. పని అవ్వగానే గుడ్డు ముక్క. "ఓహోహో! నా బంగారం! నా తల్లి! ఎంత బాగా చేశావే!" అని ఆవిడ చప్పట్లు కొడుతుంటే, పక్కవాటావిడ గోడమీంచి తొంగిచూసి, "ఏంటమ్మా, కూతురికి ఉద్యోగం వచ్చిందా?" అని అడిగింది.

"కాదు పిన్నిగారూ, మా చిల్లర గడ్డిలో పోసింది!"

పక్కవాటావిడ మెల్లగా తల కిందికి దించుకుంది.

ఆరో రోజుకల్లా ఆశ్చర్యం. విజిల్ వేస్తే చాలు, చిల్లర ఇంట్లో ఏ మూలున్నా ఆ నిలబడ్డ చెవి ఇంకా నిలబెట్టుకుని పరిగెత్తుకొచ్చి కూర్చునేది. పని ముగించి, తోక ఊపుతూ, గుడ్డు ముక్క కోసం మొహంలోకి చూసేది. కండక్టరమ్మ కాళ్ళు నేలమీద ఆనలేదు. డ్రైవరన్నకి రోజూ రిపోర్టు. నిన్న మధ్యాహ్నంనుంచి ఇవాళ పొద్దున్న వరకు ఇంట్లో ఒక్క చుక్క లేదు! టికెట్ అడిగిన ప్రయాణికుడికి కూడా చెప్పేసింది. అతను తను దిగాల్సిన స్టాపు దాటిపోయి మరీ విన్నాడు.

కానీ ఇంటికొచ్చేసరికి అత్తగారు మొహం ఇంత చేసుకుని కూర్చుని ఉండేది.

"చేసింది."

"ఎక్కడ?"

"ఎక్కడేంటి, వంటింట్లో! నా పొయ్యి ముందు. పదకొండుకి."

"బయటికి తీసుకెళ్ళలేదా అత్తయ్యా?"

"ఎనిమిదికి తీసుకెళ్ళా. తొమ్మిదిన్నరకి తీసుకెళ్ళా. పావుగంట నిలబడ్డా. నా మోకాళ్ళు పట్టేశాయి కానీ అది మాత్రం పోయలేదు. దిక్కులు చూస్తుంది, చీమల్ని చూస్తుంది, నా మొహం చూస్తుంది. లోపలికి తేగానే కాసేపు బుద్ధిగా పడుకుంటుంది. నేను వంట మొదలుపెట్టానా, సరిగ్గా వచ్చి నా కాళ్ళదగ్గరే! పైగా చేసి, తోక ఊపుకుంటూ నావంక చూస్తుంది. ఎంత ఘనకార్యం చేశానో చూడు అన్నట్టు. పగబట్టిందే ఇది నామీద."

కండక్టరమ్మకి ఆ మాటలు నమ్మబుద్ధి కాలేదు. తన దగ్గర ఇంత బాగా చేసే పిల్ల ఆవిడ దగ్గర ఎందుకు చెయ్యదు? మోకాళ్ళ నొప్పులు కదా, గుమ్మం దాకా తీసుకెళ్ళి వెనక్కి తెచ్చేస్తోందేమో. అసలు తీసుకెళ్ళడమే లేదేమో. ఇష్టం లేని కుక్క కదా, పోతే పోయిందనుకుంటోందేమో. "నిజంగా తీసుకెళ్ళారా అత్తయ్యా?" అని ఆరోజు అడిగింది. మర్నాడూ అడిగింది. అడిగినప్పుడల్లా అత్తగారు గచ్చు ఇంకోసారి తుడిచేది.

"పోనీ, నా దగ్గర ఇంకో విజిల్ ఉంది, మీకిస్తాను. బయటికి తీసుకెళ్ళి ఒక్కటి ఊదండి చాలు" అంది ఒకరోజు.

"ఏంటీ! ఈ వయసులో నన్ను ఈల వెయ్యమంటావా? నేనేమైనా పోకిరీదాన్నా? ఈలెయ్యడం నీ ఉద్యోగం, నాది కాదు."

కట్టేసి చూశారు. వీధి వీధంతా మేలుకునేలా ఏడ్చింది. భర్త పాత కాగితాలు తెచ్చి వంటింట్లో పరిచాడు. వాటిని చింపి ఇల్లంతా చల్లింది. మొదటి మంగళవారం సెలవు కదా, దగ్గరుండి చూద్దామనుకుంటే, డిపోలో మనుషులు లేరని ఆ సెలవు కాస్తా కోసేశారు. రోజులు పోతున్నాయి. ఏడు, ఎనిమిది, తొమ్మిది. రోజూ పదకొండు గంటలకి వంటింట్లో మడుగు. రోజూ రెండింటికి అత్తగారి మొహం. పదో రోజు కోళ్ళఫారం అతను ఫోను చేసి, పెద్ద బుట్ట తెమ్మంటారా, చిన్న బుట్ట తెమ్మంటారా అని అడిగాడు.

పధ్నాలుగో రోజు, మంగళవారం. ఈసారి సెలవు దొరికింది. తాడోపేడో ఇవాళే తేల్చుకోవాలి. పొద్దున్నే కండక్టరమ్మ కొంగు దోపుకుని వంటింటి గుమ్మంలో నిలబడింది.

"చూస్తూ ఉండండి అత్తయ్యా. ఎలా తీసుకెళ్ళాలో చూపిస్తాను."

అత్తగారు కత్తిపీట ముందునుంచి తలెత్తింది. "చూపించు. కానీ ఆ ఈల పక్కనపెట్టి చూపించు. నాకు లేని ఈల నీకెందుకు? నాలాగే ఉత్త చేతులతో తీసుకెళ్ళి చేయించు, అప్పుడు ఒప్పుకుంటా."

"దానికేం భాగ్యం!" అని విజిల్ తీసి మేకుకి తగిలించేసింది కండక్టరమ్మ.

తొమ్మిదిన్నరకి పెరట్లోకి తీసుకెళ్ళింది. చిల్లర గడ్డి వాసన చూసింది. చీమల వరస వెంట కొంతదూరం నడిచింది. సీతాకోకచిలుకని తరిమింది. తర్వాత వచ్చి ఎదురుగా కూర్చుని, మొహంలోకి చూస్తూ ఉండిపోయింది. "కానీ తల్లీ. కానీ బంగారం" అంది కండక్టరమ్మ. ఊహూ. పావుగంటైంది. అరగంటైంది. కిటికీలోంచి అత్తగారు, "ఏమైందమ్మా, బస్సు కదల్లేదా?" అంది. కండక్టరమ్మకి చెవులు ఎర్రబడ్డాయి. చేసేదిలేక లోపలికి తెచ్చి, ముందుగదిలో దాని ఎదురుగా కళ్ళలో వత్తులేసుకుని కూర్చుంది. కదిలిందా, ఎత్తుకుని బయటికి పరిగెత్తడమే.

చిల్లర కదల్లేదు. ముందుకాళ్ళమీద గడ్డం ఆనించి హాయిగా పడుకుంది. పది ముప్పావైంది. వంటింట్లో అత్తగారు పప్పూ బంగాళాదుంపలూ కుక్కర్లో పెట్టి మూత బిగించిన చప్పుడు వినిపించింది. ఇంకాసేపటికి గడియారంలో పదకొండు అవుతుండగా, వంటింట్లోంచి మొదటి విజిల్ వచ్చింది.

స్‌స్‌స్‌స్వీ. ఒక్కటే. పొడుగ్గా, సన్నగా, గాలి ఎక్కువ, చప్పుడు తక్కువ.

చిల్లర చెవి నిక్కింది. లేచింది. కండక్టరమ్మ చెయ్యి చాచేలోపల కాళ్ళ సందులోంచి దూసుకుపోయి, కమాను దాటి, గచ్చుమీద జారుతూ వెళ్ళి, పొయ్యి ముందు అత్తగారి పాదాల దగ్గర నడుం వంచి కూర్చుంది. కానిచ్చింది. లేచి తోక ఊపుతూ అత్తగారి మొహంలోకి చూసింది.

"చూశావా! చూశావా! కళ్ళారా చూశావుగా!" అని అత్తగారు అరుస్తోంది.

కండక్టరమ్మ నోరెళ్ళబెట్టుకుని నిలబడిపోయింది. రెండో విజిల్ వచ్చింది. చిల్లర పాపం, ఇంకేమీ మిగలకపోయినా మళ్ళీ కూర్చుని నిజాయితీగా ప్రయత్నించింది. మూడో విజిల్‌కి కూడా!

అప్పుడు వేసింది కండక్టరమ్మ కేక. పక్కవాటా దాకా వినబడింది. "కుక్కర్! అత్తయ్యా, కుక్కర్! ఓరి నాయనో, నా విజిలే! అచ్చం నా విజిలే!" అంటూ వెళ్ళి అత్తగారిని వాటేసుకుంది. గరిటె కిందపడింది. మడుగులో కాలేసింది. అదీ పట్టలేదు.

"ఏం పట్టిందే నీకు? వదులు!"

"ఇది పగా కాదు, పాడూ కాదు అత్తయ్యా! పొడుగు విజిల్ వినబడితే కూర్చోమని నేనే నేర్పాను. విజిల్ వినబడకపోతే ఆపుకోవాలని అదే అనుకున్నట్టుంది. మీరు ఉత్తినే తీసుకెళ్తే ఎలా పోస్తుంది? విజిల్ కోసం ఎదురుచూస్తోంది పిచ్చితల్లి! మీరు లోపలికి తెస్తారు, కుక్కర్ పెడతారు, విజిల్ వస్తుంది. పిలుపొచ్చిందని పరిగెత్తుకొస్తుంది. చేసి, గుడ్డు ముక్క ఎక్కడా అని మిమ్మల్ని చూస్తుంది!"

అత్తగారు కుక్కర్ని చూసింది. కుక్కపిల్లని చూసింది. కోడల్ని చూసింది. "నాకు చెవిలో పువ్వులు పెడుతున్నావు" అంది.

"అయితే ఇప్పుడే తేల్చేద్దాం. ఇంకో వాయి పెట్టండి."

"ఏం వాయి? పప్పు ఉడికిపోయింది."

"ఉత్త నీళ్ళే పెట్టండి, ఏం పోయింది!"

చిల్లరకి గిన్నెడు నీళ్ళు తాగించారు. అది ఆనందంగా తాగింది. ఒక గంట ఆగారు. కాలక్షేపానికని ఆ గంటలో కండక్టరమ్మ గచ్చు మూడుసార్లు తుడిచింది, పెరట్లోకి ఆరుసార్లు వెళ్ళొచ్చింది, డ్రైవరన్నకి ఫోను చేసి ఊపిరాడకుండా అంతా చెప్పింది. డిపోలో ఆపిన బస్సులో కూర్చుని ఉన్న ఆయన అటువైపు పడీపడీ నవ్వి, ఫలితం తెలిసేదాకా ఫోను పెట్టెయ్యనన్నాడు. పన్నెండున్నరకి అత్తగారు కుక్కర్లో నీళ్ళు పోసి పొయ్యి వెలిగించింది. కండక్టరమ్మ చిల్లరని తీసుకుని పెరట్లో గోడవార నిలబడింది. ఒక చేతిలో ఫోను, ఒక చేతిలో గుడ్డు డబ్బా. విజిల్ మేకుకే ఉంది. చిల్లర చీమల్ని చూస్తోంది.

నిమిషం. రెండు. ఐదు. లోపల కుక్కర్ గుసగుసలాడటం మొదలుపెట్టింది. గోడమీద పక్కవాటావిడ తల మళ్ళీ లేచింది.

స్‌స్‌స్‌స్వీ.

చిల్లర చీమల్ని అక్కడే వదిలేసి, మూలనున్న గడ్డిలోకి ఉరికి, రెండు చుట్లు తిరిగి, నడుం వంచింది.

"పోసిందన్నా! పోసింది! గడ్డిలోనే పోసింది!" అని కండక్టరమ్మ ఫోనులో అరిచింది, గోడమీద తలకి అరిచింది, ఆకాశానికి అరిచింది. కుక్కపిల్లని ఎత్తుకుని పది అడుగుల పెరట్లో గిరగిరా తిరిగింది. డ్రైవరన్న అటునుంచి బస్సు హారన్ మోగించాడు. గోడమీద తల కూడా ఏం జరిగిందో తెలియకుండానే చప్పట్లు కొట్టేసింది.

కిటికీలోంచి అత్తగారు చూస్తూ నిలబడింది. పొయ్యి కట్టేసి, కొంగుతో చెయ్యి తుడుచుకుని, లోపలికి వెళ్ళిపోయింది.

అది చూసి కండక్టరమ్మ సంబరం సగానికి పడిపోయింది. సాయంత్రం మెల్లగా దగ్గర చేరి, "అత్తయ్యా, మరి రేపు అతన్ని రావద్దని చెప్పనా?" అంది.

"నేను మాటిచ్చాను" అంది అత్తగారు. అంతే. రాత్రి భోజనాల దగ్గర భర్త, "అమ్మా, దాని తప్పేమీ లేదని తేలిందిగా" అని ఎప్పుడూ లేనిది మధ్యలోకొచ్చాడు. "అన్నం తిను" అంది ఆవిడ.

బుధవారం డ్యూటీలో కండక్టరమ్మ మనసు మనసులో లేదు. డబ్బు వెనక్కివ్వాల్సినవాళ్ళకి ఇవ్వలేదు, అక్కర్లేనివాళ్ళకి రెండు టికెట్లు కొట్టింది. మార్కెట్ స్టాపులో జనం ఎక్కాక, పరధ్యానంలో ఒక్క పొడుగు విజిల్ ఊదేసింది. డ్రైవరన్న అద్దంలోంచి చూస్తూ, "ఇదేం విజిల్ చెల్లెమ్మా? ఆగమంటావా, పొమ్మంటావా, ఇక్కడే కూర్చోమంటావా?" అన్నాడు. ఆయన నవ్వించాలనే అన్నాడు. ఆవిడకి ఏడుపొచ్చింది. "మీ బావమరిదిని ఆపలేవా అన్నా?" అంది. "మీ అత్తగారిని అడిగాను పొద్దున్నే. రమ్మనే చెప్పమంది" అన్నాడాయన ముందుకి చూసి నడుపుతూ.

రెండింటికి ఇంటికొచ్చింది. వంటింటి గచ్చు పొడిగా ఉంది. చిల్లర అత్తగారి పీట పక్కన పడుకుని ఉంది. అత్తగారు బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. కండక్టరమ్మ యూనిఫాం కూడా మార్చకుండా చిల్లర పక్కన నేలమీద కూర్చుంది. దాన్ని ఒళ్ళోకి తీసుకుని మూతిమీద తెల్లమచ్చ నిమురుతూ ఉండిపోయింది.

నాలుగింటికి వీధిలో స్కూటరు ఆగింది. కోళ్ళఫారం అతను గుమ్మంలోకొచ్చాడు. పెద్ద మనిషి, పెద్ద మీసం, చేతిలో మూతున్న బుట్ట. లోపల మెత్తగా ఉండాలని పాత దుప్పటి కూడా వేసుకొచ్చాడు. మంచివాడే. అది చూసి కండక్టరమ్మకి ఇంకా దుఃఖం వచ్చింది. చెడ్డవాడైతే ఇవ్వనని దెబ్బలాడైనా దెబ్బలాడొచ్చు.

"పిల్లని తీసుకెళ్దామని వచ్చానమ్మా" అన్నాడతను.

అత్తగారు చేట పక్కనపెట్టి, మోకాళ్ళమీద చేతులూని లేచి, గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"నిన్ను ఫోనులో వద్దనొచ్చు. కానీ మాటిచ్చినదాన్ని, మొహం మీదే చెప్పాలని రమ్మన్నాను. కూర్చో నాయనా, టీ పెడతాను, తాగి వెళ్ళు. కుక్కని మాత్రం ఇవ్వను."

"అదేంటమ్మా! మాట వినట్లేదు, తీసుకుపొమ్మని మీరేగా ఫోను చేయించారు?"

"చేయించాను. వినట్లేదనే అనుకున్నాను. పిలవగానే పరిగెత్తుకొచ్చి, చెప్పిన పని చెప్పినట్టు చేసి, బాగా చేశానా అని నా మొహంలోకి చూసింది. ఎనిమిది రోజులు! నేను రోజూ కసిరాను. అయినా మర్నాడు పిలిస్తే మళ్ళీ వచ్చింది." అత్తగారు కోడలి ఒళ్ళో ఉన్న చిల్లర వంక చూసింది. "ఈ ఇంట్లో నా మాట అంత నమ్మకంగా విన్నవాళ్ళు ఇంకెవరున్నారు నాయనా? దాన్నెలా ఇస్తాను?"

భలే అన్నావు అత్తయ్యా అని కండక్టరమ్మ పకపకా నవ్వబోయింది. ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది. కుక్కపిల్లని ఒళ్ళోంచి దించి, లేచి వెళ్ళి అత్తగారి ఎదురుగా నిలబడింది.

"అత్తయ్యా, మీరు రోజూ నిజంగానే బయటికి తీసుకెళ్ళారు."

"తీసుకెళ్ళాను."

"ఆ మోకాళ్ళతో పావుగంట నిలబడ్డారు."

"నిలబడ్డాను."

"నేనే నమ్మలేదు."

అత్తగారు కోడలికి దగ్గరగా జరిగింది. యూనిఫాం చేతికంటిన కుక్కపిల్ల బొచ్చు రెండు వేళ్ళతో తీసి పారేసింది.

"ఇప్పుడు నమ్మావుగా" అని, టీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్ళింది. చిల్లర కూడా ఆవిడ వెనకే వెళ్ళింది.